ఐదొచ్చిందమ్మా

2023 సెప్టెంబరు 28న ఖైరతాబాద్ గణేశుడి నిమజ్జనం అయింది. మర్నాడు అర్ధరాత్రి నేను చదువుకోవడానికి జర్మనీ వెళ్తూ శంషాబాద్‌లో విమానం ఎక్కాను. టికెట్ ఒక్కరోజు ముందు పడి ఉంటే మూసారంబాగ్ నుంచి ఎయిర్‌పోర్టుకి ఎట్లా చేరేవాళ్ళమో అని నాన్న దారి పొడుగునా అంటూనే ఉన్నారు. ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో మెకానిక్‌గా చేసిన మనిషి, ఆయన భయాలన్నీ రోడ్డు మీదే ఉంటాయి. అమ్మది మాత్రం ఒక్కటే మాట. "దిగంగనే ఫోన్ చెయ్యి. ఏం తిన్నవో చెప్పు."

వెళ్ళడానికి ముందు పడిన పాట్లు చెప్తే అదే పెద్ద పురాణం. మన డిగ్రీలు అసలువే అని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి 18,000 రూపాయలు. అక్కడ బతకడానికి డబ్బుందని చూపించే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,208 యూరోలు, అంటే అప్పటి లెక్కన పది లక్షలు. అది మన డబ్బే అయినా అప్పట్లో నెలకి 934 యూరోల చొప్పున మనకే విడతలుగా ఇచ్చేవాళ్ళు. దానికి లోను. వీసా వస్తుందో రాదో అని చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు. వీసా వచ్చాక నూటెనిమిది తిరగాలి కదా, ఆ బాకీ తీర్చకుండానే విమానం ఎక్కాను. అమ్మ ఈ సంగతి రెండేళ్ళలో కనీసం యాభైసార్లు గుర్తుచేసింది.

నేను చేరింది కెమ్నిట్జ్ అనే ఊళ్ళో. జర్మనీలో తూర్పు వైపు, చెక్ సరిహద్దుకి దగ్గర. చదువు ఆటోమోటివ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్. మా నాన్న అందరికీ "బండి పని నేర్చుకోనీకి జర్మనీ పోయింది" అని చెప్పుకున్నారు. ఒక రకంగా అంతే.

శనివారం రాత్రి పొద్దుపోయాక చేరాను. హాస్టల్ తాళంచెవి సోమవారం గానీ ఇవ్వరు కాబట్టి ఒక సీనియర్ అక్క గదిలో నేల మీద పడుకున్నాను. ఆదివారం లేచేసరికి ఆ అక్క డ్యూటీకి వెళ్ళిపోయింది. బయటికి వెళ్తే ఊరంతా మూసేసి ఉంది. బంద్ ఏమో అనుకున్నాను. ఆదివారం అక్కడ కిరాణా షాపులు, సూపర్‌మార్కెట్లు తెరవరని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కిచెన్‌లో ఎవరి సామాన్లు వాళ్ళ డబ్బాల్లో పేర్లు రాసి ఉన్నాయి, ముట్టుకోబుద్ధి కాలేదు. పొద్దున సకినాలు, మధ్యాహ్నం సకినాలు, రాత్రి సకినాలూ మామిడికాయ తొక్కూ. ఆ రాత్రి అమ్మకి మొదటి వాయిస్ మెసేజ్ పంపాను. "అన్నం పప్పు చేసుకున్నమ్మా, అక్క మంచిగ చూసుకుంటుంది." రెండో సగం నిజమే.

వాయిస్ మెసేజ్ అలవాటు ఎలా వచ్చిందంటే, ఫోన్ మాట్లాడటానికి టైమ్ కుదరక. మనకీ వాళ్ళకీ ఎండాకాలం మూడున్నర గంటల తేడా. నేను లైబ్రరీ నుంచి బయటపడి ట్రామ్ దిగేసరికి రాత్రి తొమ్మిదిన్నర, అంటే మూసారంబాగ్‌లో ఒంటిగంట. స్టాపు నుంచి హాస్టల్‌కి పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ నడిచేదాన్ని. అమ్మ ఐదింటికి లేచి, పాలప్యాకెట్లు లోపలికి తెచ్చుకుని, టీ పెట్టుకుంటూ వినేది. అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఆ వారం అమ్మకి ఒకటే అనుమానం. "నిన్నటిదాంక ఒంటిగంటకి వస్తుండె, ఇప్పుడు రెండింటికి వస్తుంది. రాత్రి పూట గంటసేపు ఎక్కడ తిరుగుతున్నవ్?" ఎంత చెప్పినా, గడియారం వెనక్కి తిప్పితే పొద్దు వెనక్కి పోతుందా అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అమ్మ ఆ మెసేజ్‌లు చెవి దగ్గర పెట్టుకుని వినదని నాకు చాలా రోజులకి గానీ తెలియలేదు. స్పీకర్ పెట్టి, ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి వింటుంది. పైపోర్షన్ ఆంటీ నీళ్ళ మోటరు వేయడానికి వచ్చి వింటుంది. బట్టలకోసం వచ్చిన ఇస్త్రీ అన్న గేటు దగ్గర నిలబడి వింటాడు. ఒకసారి నేను వాషింగ్ మెషీన్ గదికి టోకెన్ వేయాలి, వారానికోసారే నా వంతు అని చెప్పుకుంటూ పోయానట. తర్వాత రోజు వాళ్ళ ముగ్గురి తీర్మానం అమ్మ నాకు వినిపించింది: బకెట్లో నానబెట్టి చేత్తో ఉతుక్కోవాలి, టోకెన్ దండగ.

మధ్యలో యూట్యూబ్‌లో పెడదామని కూడా చూశాను. అందరూ పెడుతున్నారు కదా, జర్మనీలో నా మొదటి రోజు, జర్మనీలో నా ఖర్చులు, అని. రెండు వీడియోలు తీశాను. నలభై మూడు మంది చూశారు, అందులో సగం నాన్నే. కెమెరా ముందు నా మొహం, నా గొంతు ఎవరో అమ్మాయివిలా ఉన్నాయి. చీకట్లో నడుస్తూ ఉప్పు డబ్బాతో మాట్లాడటమే నాకు వచ్చు.

మొదట్లో ఏం చెప్పాలో తెలిసేది కాదు. పెద్ద పెద్ద సంగతులు చెప్పాలనుకునేదాన్ని. ఊరికి చేరిన రెండు వారాల్లోపు ఆఫీసుకి వెళ్ళి అడ్రస్ నమోదు చేయించుకోవాలి, దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. అది లేకపోతే బ్యాంకు అకౌంటుకీ తిప్పలు, బ్లాక్డ్ అకౌంట్ డబ్బులకీ తిప్పలు. దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. ఇదంతా ఏడు నిమిషాల మెసేజ్‌లో వివరించాను. అమ్మ జవాబు పదకొండు సెకన్లు. "సరే గానీ, ఆ ఆఫీసుల కూసోనీకి కుర్చీలున్నయా? ఎంతసేపు నిలబడ్డవ్?" అప్పటినుంచి కుర్చీల సంగతి కూడా చెప్పడం నేర్చుకున్నాను.

నాన్నకి మాత్రం నేను ఇచ్చిన అతి పెద్ద వార్త మార్క్స్ తల. ఆ ఊరి నడిబొడ్డున రాతి దిమ్మె మీద కారల్ మార్క్స్ కంచు తల ఉంటుంది. ఒంటి బొమ్మ కాదు, ఉట్టి తల. తలే ఏడు మీటర్ల పైచిలుకు ఎత్తు, నలభై టన్నుల బరువు. 1971లో పెట్టారు. తూర్పు జర్మనీ రోజుల్లో, 1953 నుంచి 1990 దాకా, ఆ ఊరి పేరే కార్ల్ మార్క్స్ స్టాట్. వెనక భవనం గోడ మీద "ప్రపంచ కార్మికులారా ఏకంకండి" అని నాలుగు భాషల్లో చెక్కి ఉంటుంది. నేను దాని గడ్డం కింద నిలబడి ఫోటో పంపాను. నాన్న యూనియన్ మనిషి. సమ్మెలో జీతాలు ఆగిన నెలలు మా ఇంట్లో అందరికీ గుర్తే. ఆ ఫోటోని ఆయన బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో మీటింగుకి వెళ్ళినప్పుడు ఎంతమందికి చూపించారో లెక్కలేదు. "నాలుగు భాషలల్ల తెలుగుందా?" అని ఒకాయన అడిగాడట. లేదని నాన్న కాస్త చిన్నబుచ్చుకున్నారు.

బతుకమ్మకి నేను లేకపోవడం అదే మొదటిసారి. ఎంగిలిపూల రోజు అమ్మ వీడియో కాల్‌లో తంగేడుపువ్వు దగ్గరగా పెట్టి చూపించింది. గునుగు, బంతి, కట్ల. నా కిటికీ బయట ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. అవి ఏరి పళ్ళెంలో పేరుద్దామా అని ఒక క్షణం అనిపించింది గానీ, చలికి చేతులు బయట పెట్టలేక ఊరుకున్నాను.

తెలుగువాళ్ళు చలి గురించి రాసినవి చదివాను, వీడియోలు చూశాను. చలికి జాకెట్ కొనుక్కోవచ్చు. చీకటికి ఏమీ చేయలేం. డిసెంబరులో పొద్దున ఎనిమిదింటికి వెలుగొస్తుంది, సాయంత్రం నాలుగు దాటితే రాత్రి. క్లాసులోకి వెళ్ళేటప్పుడు చీకటి, బయటికొచ్చేటప్పుడు చీకటి. నవంబరు చివరి రోజుల్లో నా మెసేజ్‌లు చిన్నవైపోయాయి. ఏడు నిమిషాల నుంచి నలభై సెకన్లకి వచ్చాయి. తిన్నాను, చదివాను, పడుకుంటున్నాను.

డిసెంబరు మొదటి ఆదివారం రాత్రి ట్రామ్ దిగి నడుస్తుంటే ఎదురుగా ఉన్న ఇంటి కిటికీలో వంపు తిరిగిన చెక్క మీద ఏడు దీపాలు కనిపించాయి. పక్క ఇంట్లోనూ అంతే. ఆ వీధిలో ఇంచుమించు ప్రతి కిటికీలోనూ ఇంద్రధనుస్సులా వంగిన చెక్క, దానిమీద వరసగా దీపాలు. ఊరికి దక్షిణాన కొండల్లో ఒకప్పుడు వెండి గనులు ఉండేవి. గనిలోకి దిగేవాళ్ళకి చలికాలమంతా వెలుగే కనిపించేది కాదు, అందుకే క్రిస్మస్ ముందు ఇళ్ళల్లో ఇలా దీపాలు పెట్టేవాళ్ళని మా ఫ్లోర్ అమ్మాయి చెప్పింది. నేను ఆ రాత్రి ఆగి ఆగి, కిటికీ కిటికీకీ ఏమేం బొమ్మలు చెక్కారో చెప్పుకుంటూ నడిచాను. మెసేజ్ పన్నెండు నిమిషాలు వచ్చింది.

పొద్దున అమ్మ జవాబు: "వాళ్ళకి సుత కార్తీకమాసమేనా?" క్యాలెండర్ చూశాను. నిజంగానే కార్తీకం ఇంకా అయిపోలేదు, అమావాస్యకి ఇంకా వారం పైనే ఉంది. "దీపాలు పెట్టుకునేటోళ్ళు మంచోళ్ళే ఉంటరు" అని అమ్మ తేల్చేసింది. ఆ ఊరి గురించి ఆమెకి అప్పటిదాకా ఉన్న అనుమానాలన్నీ ఆ ఒక్క మెసేజ్‌తో పోయాయి. నాకు మాత్రం పూర్తిగా పోలేదు గానీ, కిటికీలు లెక్కపెట్టుకుంటూ నడవడం అలవాటైంది.

జనవరిలో పడ్డాను. మంచు మీద కాదు, మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టిన చోట. అది కంటికి కనిపించదు, తడి రోడ్డులా ఉంటుంది. కుడి మణికట్టు బెణికింది, పట్టీ వేశారు. అమ్మకి చెప్పలేదు. మెసేజ్ మామూలుగానే పంపాను, మాట్లాడటానికి మణికట్టుతో పనేముంది. మూడో రోజు పొద్దున్నే అమ్మ నుంచి వీడియో కాల్. "చెయ్యి పైకి లేపు."

మా ఊళ్ళో చదివే ఇంకో తెలుగబ్బాయి తన అమ్మతో అన్నాడట, "ఇక్కడ మూసారంబాగ్ అమ్మాయి పడింది" అని. వాళ్ళమ్మ కూకట్‌పల్లిలో ఉంటుంది. ఆమె చెల్లెలు దిల్‌సుఖ్‌నగర్‌లో మా చిన్నమ్మతో కలిసి ఒకే స్కూల్లో పనిచేస్తుంది. చిన్నమ్మ మా అమ్మకి చెప్పింది. కెమ్నిట్జ్ నుంచి కూకట్‌పల్లి, అక్కడినుంచి దిల్‌సుఖ్‌నగర్, అక్కడినుంచి మూసారంబాగ్. ఇంత తిరిగినా వార్త రెండు రోజుల్లో వచ్చింది. "పరాయోళ్ళ నోటెంట వినాల్నా నేను? అబద్ధం చెప్పకు, ఏదున్నా చెప్పు" అని అమ్మ ఒట్టు వేయించుకుంది. కుడి చేతికి పట్టీ కాబట్టి ఎడమ చేత్తో వేశాను. అది చెల్లదని తర్వాత వాదించవచ్చు కదా.

మార్చిలో మొదటి సెమిస్టర్ మార్కులు వచ్చాయి. అక్కడ లెక్క తిరగేసి ఉంటుంది. ఒకటి అంటే అందరికంటే మంచి మార్కు. నాలుగు దాకా పాస్. ఐదు అంటే ఫెయిల్. నాకు ఒక సబ్జెక్టులో ఐదు వచ్చింది. ఒక సబ్జెక్టు మామూలుగా మూడుసార్లు రాయొచ్చు, మూడోసారీ పోతే ఆ కోర్సే వదులుకోవాలి. ఆ స్క్రీన్ చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అంతకుముందు ఎప్పుడూ ఏ పరీక్షా తప్పలేదు నేను.

ఆ రాత్రి నడుస్తూ మెసేజ్ పెట్టాను. ఒట్టు ఉంది కదా. గొంతు తడబడకుండా ఒక్కటే ముక్క చెప్పాను. "మార్కులొచ్చినయమ్మా. ఒకదాంట్ల ఐదొచ్చింది."

పొద్దున్నే అమ్మ గొంతు గలగలమంటూ: "ఐదుకి ఐదా!"

నేను కాదనలేదు. అవునని కూడా అనలేదు. అబద్ధమైతే చెప్పలేదు. అమ్మ పైపోర్షన్ ఆంటీకి చెప్పింది, ఇస్త్రీ అన్నకి చెప్పింది, చిన్నమ్మ ద్వారా కూకట్‌పల్లి దాకా చెప్పించింది. సాయంత్రం మలక్‌పేట నుంచి అర కిలో బాదుషా తెప్పించి పంచిందట. కూకట్‌పల్లి అబ్బాయి మాత్రం నాకు ఫోన్ చేసి, "అక్కా, మా అమ్మ నీకు ఐదొచ్చిందని నన్ను తిడుతుంది, నాకు రెండే వచ్చిందని" అన్నాడు. పాపం, వాడికి వచ్చింది మంచి మార్కు. వాళ్ళ అమ్మకి వాడూ చెప్పలేదు, నా కోసం.

ఈ మధ్యలోనే పార్ట్‌టైమ్ పని మొదలుపెట్టాను. లైబ్రరీలో పని అని చెప్పాను, నిజానికి పార్సిళ్ళు వేరుచేసే గోదాములో. బెల్టు మీద వచ్చే డబ్బాలు పిన్‌కోడ్ చూసి బోనుల్లో వేయాలి. గంటకి 12 యూరోల 41 సెంట్లు, అప్పటి కనీస వేతనం. జూన్‌లో ఒకరోజు బెల్టు చప్పుడు వెనక వినిపిస్తుండగా మెసేజ్ పెట్టేశాను. లైబ్రరీలో ఆ చప్పుడేంటని నాన్న అడిగారు. చెప్పేశాను. ఆయన కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత వరసగా అడిగారు. గంటకెంత? రాత్రిపూట ఎక్కువిస్తారా? బూట్లు వాళ్ళే ఇచ్చారా? యూనియన్ ఉందా? అన్నిటికీ జవాబు చెప్పాను. "మీ అమ్మకి లైబ్రరీ అనే ఉండనీ" అన్నారు. అమ్మకి ఆ ముందురోజే తెలుసు, ఆమె నన్నే అడిగింది, నాన్నకి చెప్పొద్దని నాతో ఒప్పించుకుంది కూడా.

ఆగస్టులో ఆ సబ్జెక్టు మళ్ళీ రాశాను. ఫలితం వచ్చిన రోజు రాత్రి గంతులేసుకుంటూ నడిచాను. "అమ్మా, రెండు పాయింట్ మూడు!" అని అరిచాను.

జవాబులో అమ్మ గొంతు చాలా మెల్లగా ఉంది. "ఏమైంది బిడ్డా? ఐదు నుంచి రెండుకి పడిపోయినవ్? ఆ పార్సిళ్ళ పని బంద్ చెయ్యి."

ఇక దాచడానికి వీల్లేకపోయింది. వీడియో కాల్ చేసి మొత్తం చెప్పాను. ఒకటి మంచిది, ఐదు చెడ్డది, మార్చిలో తప్పాను, ఇప్పుడు పాసయ్యాను. అమ్మ చాలాసేపు నా మొహం చూసింది. తిడుతుందనుకున్నాను. "అయితే బాదుషాలు ఎందుకు పంచినట్టు నేను?" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఫోన్‌లో తెలియలేదు, వెలుతురు వెనక నుంచి పడుతోంది. ఆఖర్న ఈసారి కుడి చేత్తో ఒట్టు వేయించుకుంది. నాన్న పక్కనే కూర్చుని, "మన మధ్య దాపరికాలొద్దు" అని పెద్దమనిషిలా అన్నారు.

ఆ తర్వాత ఏడాది మామూలుగానే గడిచింది. థీసిస్ రాసి ఇచ్చాను. 2025 సెప్టెంబరులో, బతుకమ్మకి వారం ముందు ఇంటికొచ్చాను. మొదటి పని చిలుకూరు, నూటెనిమిది ప్రదక్షిణలు, మోకాళ్ళ నొప్పులు.

మూడో రోజు వంటగదిలో ఈనెల పాల బిల్లు చూద్దామని క్యాలెండర్ దగ్గరికి వెళ్ళాను. మా ఇంట్లో ఏటా వెంకట్రామా క్యాలెండర్ ఉంటుంది. తిథులు, వర్జ్యాలు సరే, అమ్మకి అది పాల లెక్క. ఏరోజు ఎన్ని ప్యాకెట్లు, గ్యాస్ బండ ఎప్పుడొచ్చింది, అన్నీ ఆ గడుల్లోనే. ఈ ఏడాది గడుల్లో పాల అంకె కింద చీమల్లాంటి అక్షరాలున్నాయి. దగ్గరగా చూస్తే: "చారు పెట్టుకుంది." "బూట్లు కొన్నది." "గొంతు బాలేదు." నేను పంపిన మెసేజ్‌లు. రోజుకి రెండు మూడు మాటల చొప్పున. ఫోన్ రాని రోజు "లేదు" అని ఉంది, పక్కన పాలు 1.

పాతవి పడేయలేదా అని అడిగితే బియ్యం డబ్బా వెనక నుంచి రెండు తీసింది. 2023ది అక్టోబరు 1న మొదలైంది. "అన్నం పప్పు." నేను పళ్ళు నూరుకున్నాను. డిసెంబరు 3 గడిలో అక్షరాలు పట్టక పక్క గడిలోకి పాకాయి, దీపాల గురించి.

2024 తిరగేస్తున్నాను. సెప్టెంబరు 1, ఆదివారం. ఆ రెండు రోజులు తెలంగాణ అంతా వానలు, వరదలు, నేను అక్కడ వార్తల్లో చూసి ఫోన్ చేస్తే "మనకేం లేదు, మంచిగున్నం" అన్నారు. గడిలో పాల అంకె లేదు. దాని చోట: "ఆయన పాలకి పోయి మలక్‌పేట బ్రిడ్జి కింద బండి జారింది. కాలు." అక్టోబరు మధ్యలో ఇంకో గడి: "కట్టు విప్పిండ్రు."

ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ నాన్న వీడియో కాల్‌లో ఎప్పుడూ మంచం మీద, గోడకి ఆనుకుని, ఛాతీ పైకే కనిపించారు. రిటైరయ్యాక బద్ధకం పెరిగిందని నేనే వెక్కిరించాను కూడా. దాపరికాలొద్దని అన్నది అంతకు కొద్దిరోజుల ముందే.

క్యాలెండర్ పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. నాన్న పేపర్ అడ్డం పెట్టుకున్నారు. అమ్మ వంటగదిలోంచే అంది, "చెప్తే ఏం చేస్తుంటివి? టికెట్ కొంటుంటివి. ఎనభై వేలు."

నిజమే, కొనేదాన్ని. కోపంగా ఆ గడి వైపే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు కింద ఇంకో లైను కనిపించింది, అంత గొడవలోనూ ఆ రాత్రి రాసుకున్నది. "వంకాయ కూర చేసుకుంది. బాగ కుదిరిందట."

ఆ వంకాయ నాకు బాగా గుర్తు. పొయ్యి మీద పెట్టి గదిలోకి వెళ్ళి మర్చిపోయాను. పొగకి అలారం మోగి, మా ఫ్లోర్ పన్నెండు మందీ చెప్పుల్లేకుండా మెట్ల మీదికి పరిగెత్తారు. ఆ గిన్నె పారేయాల్సి వచ్చింది.

అమ్మకి చెప్పాను. ఆమె స్టవ్ తగ్గించి, చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. ఫ్రిజ్ మీది పెన్ను తీసుకుని "బాగ కుదిరిందట" కొట్టేసి, పక్కన "మాడింది" అని రాసింది. తర్వాత 2023 క్యాలెండర్ ముందుకి లాక్కుని, అక్టోబరు 1 గడి మీద పెన్ను ఆనించి నా వైపు చూసింది.

"సకినాలు," అన్నాను.